స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి స్కోప్: 3-9×40 నా, 4-16×50 నా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 0.177 అంగుళాల బోరు బ్రేక్ బ్యారెల్ (గొట్టాన్ని మడిచి స్ప్రింగు బిగించే) స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది. తోటలో 10 నుంచి 30 మీటర్ల దూరంలో కాగితం టార్గెట్లు, ఖాళీ డబ్బాలు కొడుతున్నారు. స్నేహితుడి దగ్గరున్న స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగిస్తే రెండు వందల పెల్లెట్లు (చిన్న గుళ్లు) దాటేసరికి గురి ఎటో పోయింది. ఇప్పుడు కొత్తది కొందామంటే 3-9×40 మేలా, 4-16×50 మేలా అన్నది తేలడం లేదు.

3-9×40 చాలు. కానీ ఆ రెండు అంకెల్లో మీ సమస్యకు జవాబు లేదు. అంతకంటే ముందు చూడాల్సినవి మూడున్నాయి. ఆ స్కోప్ స్ప్రింగ్ రైఫిల్ కుదుపు తట్టుకునేలా తయారైందా? దాని పారలాక్స్‌ని (ఇదేమిటో కింద చెప్తాను) 10 మీటర్ల దాకా దించుకోవచ్చా? రైఫిల్ మీద నుంచి జారకుండా పట్టి ఉంచే మౌంట్ ఉందా? ఈ మూడూ కుదిరాక జూమ్ ఎంతైనా పెద్ద తేడా రాదు.

మొదట కుదుపు సంగతి. స్ప్రింగ్ రైఫిల్ ఒక్క షాట్‌లో రెండు వైపులా కదులుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు బరువైన పిస్టన్‌ని ముందుకు తోస్తుంది, రైఫిల్ వెనక్కి వస్తుంది. పిస్టన్ సిలిండర్ కొసకు చేరి అక్కడ నలిగిన గాలి మీద టక్కున ఆగుతుంది. ఆ ఊపంతా తగిలి రైఫిల్ ముందుకు విదిలిస్తుంది. ఇదంతా సెకనులో చాలా చిన్న వంతులో అయిపోతుంది కాబట్టి భుజానికి ఒకే చిన్న దెబ్బలా అనిపిస్తుంది. లోపలున్న అద్దాలకు మాత్రం రెండు దెబ్బలూ విడివిడిగా తెలుస్తాయి. మామూలు తుపాకీ స్కోప్‌లో అద్దాలను, రెటికిల్‌ని (గురి చూసే అడ్డుగీతని) వెనక్కి వచ్చే దెబ్బను కాచుకునేలా బిగిస్తారు. ముందుకు విదిలించే దెబ్బకు అక్కడ ఆసరా ఉండకపోవచ్చు. అందుకే పెద్ద వేట తుపాకీ మీద ఏళ్ల తరబడి నిలిచిన స్కోప్ కూడా ఈ చిన్న రైఫిల్ మీద కొన్ని వందల షాట్లకే చెడిపోగలదు. అడ్డుగీత ఒక పక్కకు తిరిగిపోవడం, ఊపితే లోపల గలగలమనడం, గురి సర్దే గుండీని క్లిక్కులు క్లిక్కులుగా తిప్పినా గురి కదలకపోవడం, లేదా తిప్పకుండానే కదలడం దాని లక్షణాలు. పెట్టె మీద ఎయిర్‌గన్ రేటెడ్ లేదా స్ప్రింగర్ రేటెడ్ అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోండి. "హెవీ డ్యూటీ" అని రాసినంత మాత్రాన సరిపోదు. స్ప్రింగు బదులు గ్యాస్ సిలిండర్ ఉన్న రైఫిళ్లలోనూ పిస్టన్ అలాగే పరిగెడుతుంది కాబట్టి వాటికీ ఇదే నియమం. గాలి ముందే నింపి పెట్టుకునే పీసీపీ రైఫిల్‌కి ఈ బాధ లేదు.

ఇక అంకెలు. 3-9 అంటే మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల వరకు పెద్దదిగా చూపిస్తుందని. 40 అంటే ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. ముందు అద్దం వ్యాసాన్ని జూమ్‌తో భాగిస్తే వెనక నుంచి కంట్లోకి వచ్చే వెలుగు చుక్క సైజు వస్తుంది. 40ని 9తో భాగిస్తే 4.4 మి.మీ. 50ని 16తో భాగిస్తే 3.1 మి.మీ. అంటే పెద్ద అద్దం ఉన్న స్కోప్‌ని పూర్తి జూమ్‌లో పెడితే బొమ్మ చిన్న అద్దం దానికంటే మసకగా ఉంటుంది! పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కాబట్టి ఎండలో రెండింటికీ తేడా తెలియదు. సాయంత్రం చీకటి పడేటప్పుడే తెలుస్తుంది. 50 మి.మీ. అద్దం వల్ల మీకు తప్పకుండా వచ్చేవి రెండు: స్కోప్‌ని పట్టి ఉంచే రింగులు ఎత్తైనవి కావాల్సి రావడం, అదనపు బరువు. స్ప్రింగ్ రైఫిల్ మీద బరువు పెరిగేకొద్దీ స్కోప్ జారే గుణమూ పెరుగుతుంది.

16 రెట్లలో చూస్తే మీ ఊపిరి, గుండె చప్పుడు కూడా అడ్డుగీతలో కనిపిస్తాయి. చేయి వణికినట్టు అనిపించి ట్రిగ్గర్ గుంజేస్తారు. 25 మీటర్ల దూరంలో 6 రెట్లతో పెల్లెట్ రంధ్రం చక్కగా కనిపిస్తుంది, అంతకుమించి కావాల్సిందేమీ లేదు. ఎక్కువ జూమ్ నిజంగా పనికొచ్చేది ఫీల్డ్ టార్గెట్ పోటీల్లో. అక్కడ దాదాపు 50 మీటర్ల దాకా దూరం తెలియని టార్గెట్లు పెడతారు. పారలాక్స్ చక్రం తిప్పి, బొమ్మ ఎక్కడ స్పష్టమైందో చూసి దూరం అంచనా వేస్తారు. జూమ్ ఎక్కువుంటే ఆ అంచనా కచ్చితంగా వస్తుంది.

ఇక్కడే ఇంకో మాట. ఇంట్లో పిల్లల్ని 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలకు పంపాలని ఉంటే స్కోప్ మీద డబ్బు పెట్టకండి. ఆ ఈవెంట్‌లో స్కోప్ నిషిద్ధం. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది, పెద్దది చేసి చూపించని రంధ్రపు సైట్‌తోనే.

పారలాక్స్ అన్న మాట విని చాలామంది కంగారు పడతారు కానీ విషయం చిన్నదే. స్కోప్ లోపల టార్గెట్ బొమ్మ, అడ్డుగీత ఒకే తలంలో పడాలి. పడకపోతే, తల కొంచెం కదిపినప్పుడు అడ్డుగీత టార్గెట్ మీద పాకుతున్నట్టు కనిపిస్తుంది. రైల్లో కిటికీ చువ్వ వెనక చెట్టు జరిగినట్టు. తుపాకీ స్కోప్‌లకు చాలావరకు దీన్ని 100 గజాల దగ్గర ఫ్యాక్టరీలోనే స్థిరంగా పెట్టేస్తారు. 0.22 రిమ్‌ఫైర్ (చిన్న తూటా తుపాకీ) స్కోప్‌లకు 50 గజాల దగ్గర. మీరు కొట్టేది 10, 20 మీటర్లలో. తప్పు ఎంత రావచ్చో లెక్క వేసి చూడండి. ముందు అద్దంలో సగం 20 మి.మీ. స్కోప్ 100 మీటర్లకు పెట్టి ఉంది, టార్గెట్ 25 మీటర్లలో ఉంది. రెండింటి తేడా 75ని 100తో భాగిస్తే 0.75. 20ని 0.75తో గుణిస్తే 15 మి.మీ. కన్ను పూర్తిగా అంచుకు జరిగితే వచ్చే తప్పు అది. చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనిస్తే తగ్గుతుంది గానీ, గ్రూప్ (వరసగా కొట్టిన పెల్లెట్ల రంధ్రాల గుంపు) మొత్తం రూపాయి బిళ్లంత ఉండాలనుకునేవాళ్లకి 15 మి.మీ. చిన్న సంగతి కాదు. పైగా 10 మీటర్ల దగ్గర 9 రెట్లలో ఆ స్కోప్ బొమ్మ మసకగానే ఉంటుంది.

కాబట్టి పారలాక్స్ తిప్పుకునే వీలున్నది కావాలి. ముందు అద్దం చుట్టూ ఉన్న రింగు తిప్పేదాన్ని ఏఓ (అడ్జస్టబుల్ ఆబ్జెక్టివ్) అంటారు. ఎడమ పక్క గుండీతో తిప్పేదాన్ని సైడ్ ఫోకస్ అంటారు. సైడ్ ఫోకస్ చేతికి అందుబాటుగా ఉంటుంది, ఖరీదు కొంచెం ఎక్కువ. మీ పనికి ఏఓ చాలు. రింగు మీద రాసిన కనిష్ఠ దూరం 10 గజాలు గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలి. రింగు మీద అంకెల్ని గుడ్డిగా నమ్మకండి. 15 అని రాసిన చోట 18 మీటర్లలో స్పష్టంగా కనిపించవచ్చు. రైఫిల్‌ని దిండు మీద కదలకుండా పెట్టి, దాన్ని ముట్టుకోకుండా తల పైకీ కిందికీ జరపండి. అడ్డుగీత కదలని చోట రింగు మీద సన్నగా గుర్తు పెట్టుకోండి.

దీన్ని, కంటి దగ్గరి రింగునీ కలిపేసుకోవడం అందరూ చేసే పొరపాటే. వెనక కంటి దగ్గర తిరిగేది టార్గెట్ కోసం కాదు, మీ కంటికి అడ్డుగీత నల్లగా, పదునుగా కనిపించడం కోసం. తెల్ల గోడ వైపు గానీ, సూర్యుడికి దూరంగా ఆకాశం వైపు గానీ పెట్టి రెండు సెకన్లు చూసి కన్ను తిప్పేయండి. అదే పనిగా చూస్తే కన్ను తనే సర్దుకుని మోసం చేస్తుంది. అది ఒక్కసారి కుదిరాక మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

రెటికిల్ విషయంలో మిల్‌డాట్ (అడ్డుగీత మీద సమాన ఎడంలో ఉండే చుక్కలు) లాంటి గుర్తులున్నది తీసుకోండి. ఎందుకో కింద చెప్తాను. ఫస్ట్ ఫోకల్ ప్లేన్, సెకండ్ ఫోకల్ ప్లేన్ అన్న తేడా ఉంటుంది. మొదటి రకంలో జూమ్ తిప్పితే అడ్డుగీత కూడా పెరుగుతుంది, చుక్కల మధ్య దూరం ఏ జూమ్‌లోనైనా నిజమే. రెండో రకంలో గీత మారదు, చుక్కల లెక్క ఒక్క జూమ్ దగ్గరే సరి, సాధారణంగా గరిష్ఠం దగ్గర. 9 దగ్గర ఒక చుక్క అంటే ఒక మిల్ (దూరంలో వెయ్యో వంతు) అయితే, 4.5 దగ్గర అదే చుక్క రెండు మిల్లులు. చవకైనవి చాలావరకు రెండో రకమే. జూమ్‌ని ఒకేచోట వదిలేస్తే ఇబ్బంది లేదు. ఎరుపు, ఆకుపచ్చ లైటు వెలిగే రెటికిల్ పగలు ఎందుకూ పనికిరాదు. ఆ డబ్బు మౌంట్ మీద పెట్టండి.

మౌంట్ దగ్గర కాస్త ఆగాలి. ఎక్కువమంది స్కోప్‌ని తిట్టుకునేది మౌంట్ చేసిన తప్పుకే. మీ రైఫిల్ మీద ఉన్నది దాదాపు 11 మి.మీ. డవ్‌టెయిల్ (అంచులు వాలుగా కోసిన) గాడి అయితే దానికి సరిపడే మౌంట్ కావాలి. అడ్డంగా పళ్లు పళ్లుగా కోసిన పట్టీ ఉంటే అది వీవర్ లేదా పికాటినీ. డవ్‌టెయిల్ మౌంట్ ఈ పట్టీకి గానీ, ఈ పట్టీ మౌంట్ డవ్‌టెయిల్‌కి గానీ పనికిరాదు. విడివిడి రెండు రింగుల కంటే ఒకే ముక్కగా వచ్చే మౌంట్ స్ప్రింగ్ రైఫిల్‌కి మేలు, పట్టు ఎక్కువ ఉంటుంది. రైఫిల్ ముందుకు విదిలించినప్పుడు స్కోప్ ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, అందుకే షాట్ షాట్‌కీ వెనక్కి జారుతుంది. డవ్‌టెయిల్ వెనక భాగంలో చిన్న రంధ్రం ఉందేమో చూడండి. మౌంట్ అడుగున దిగే స్టాప్ పిన్ అందులో కూర్చోవాలి. పిన్ ఊరికే రంధ్రం మధ్యలో వేలాడితే కాదు, వెనక అంచుకు ఆనాకే బిగించాలి. రంధ్రం లేకపోతే గాడి చివర అడ్డంగా బిగించే స్టాప్ ముక్క విడిగా దొరుకుతుంది.

బిగించే ముందు గాడినీ, రింగుల లోపలి వైపునీ స్పిరిట్‌తో తుడిచి నూనె జిడ్డు పూర్తిగా పోగొట్టండి. స్కోప్‌ని రింగుల్లో వదులుగా పెట్టి, జూమ్ గరిష్ఠానికి తిప్పి, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తండి. కళ్లు తెరిచినప్పుడు చుట్టూ నల్ల నీడ లేకుండా గుండ్రని బొమ్మ నిండుగా కనబడాలి. నీడ ఉంటే స్కోప్‌ని ముందుకో వెనక్కో జరపండి. కంటికీ అద్దానికీ మధ్య మూడు నుంచి నాలుగు అంగుళాలు వస్తుంది. తర్వాత నిలువుగీత. 20 మీటర్ల దూరంలో దారానికి బరువు కట్టి వేలాడదీసి, రైఫిల్ మట్టంగా పెట్టి, నిలువుగీతను ఆ దారంతో కలపండి. రింగు స్క్రూలను ఒకదాని తర్వాత ఒకటి అడ్డంగా మార్చుకుంటూ, సగం చుట్టు చొప్పున బిగించండి. రెండు వైపులా సందు సమానంగా ఉండాలి. బిగుతు 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు చాలు. టార్క్ రెంచ్ లేకపోతే చిన్న అలెన్ కీ పొట్టి కొసను రెండు వేళ్లతో పట్టుకుని బిగించినంత. పొడుగు కొస పట్టుకుని బలమంతా పెడితే ట్యూబు నొక్కుకుపోతుంది, జూమ్ రింగు బిర్రబిగుస్తుంది. గాడిని పట్టే కింది స్క్రూలకు మాత్రం ఇంకాస్త గట్టిగా బిగించొచ్చు. నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూలు వదులవకుండా వేసే జిగురు) ఒక చుక్క వేస్తే చాలు, అవసరమైతే మామూలు కీతోనే ఊడుతుంది. అన్నీ అయ్యాక ట్యూబు, రింగు కలిసే చోట, మౌంట్, గాడి కలిసే చోట వైట్‌నర్‌తో ఒక్కో చుక్క పెట్టండి. చుక్క రెండుగా విడిపోయిందంటే జారినట్టే.

బ్రేక్ బ్యారెల్ రైఫిళ్లలో ఇంకో జబ్బు ఉంది. గొట్టం మూసినప్పుడు అది స్కోప్ బిగించే గాడికి సమాంతరంగా కాకుండా కాస్త కిందికి చూస్తుంది. స్కోప్ ఎలివేషన్ (నిలువు సర్దుబాటు) అంతా పైకి తిప్పినా పెల్లెట్లు కిందే పడతాయి. ఎలివేషన్ చివరిదాకా వెళ్లిన స్కోప్‌లో లోపలి స్ప్రింగు మీద ఒత్తిడి సరిగ్గా ఉండదు, గురి తిరుగుతూనే ఉంటుంది. కొత్త స్కోప్‌ని బిగించే ముందే మధ్యలోకి తెచ్చుకోండి. టర్రెట్‌ని (గురి సర్దే గుండీని) ఒక కొస నుంచి ఇంకో కొసకు క్లిక్కులు లెక్కపెడుతూ తిప్పి సగం వెనక్కి రావచ్చు. లేదా స్కోప్ ముందు వైపుని ఇంట్లో నిలువుటద్దానికి ఆనించి, తక్కువ జూమ్‌లో చూడండి. అసలు అడ్డుగీత, దాని ప్రతిబింబం రెండూ కనిపిస్తాయి. అవి ఒకదాని మీద ఒకటి పడేదాకా తిప్పితే మధ్యకు వచ్చినట్టు.

అలా మధ్యలో పెట్టి కొట్టినప్పుడు 25 మీటర్లలో పెల్లెట్లు 50 మి.మీ. కిందకి పడ్డాయనుకుందాం. రింగుల మధ్య దూరం 100 మి.మీ. అయితే వెనక రింగు కింద 0.1 మి.మీ. ఎత్తు పెడితే 25 మీటర్లలో గురి 25 మి.మీ. పైకి వస్తుంది. అంటే మీకు 0.2 మి.మీ. కావాలి. కూల్‌డ్రింక్ అల్యూమినియం డబ్బా రేకు దాదాపు 0.1 మి.మీ. మందం ఉంటుంది. రెండు పొరలు కత్తిరించి వెనక రింగు కింది సగంలో పరిస్తే సరి. అంతకంటే ఎక్కువ కావాల్సి వస్తే రేకులు పేర్చకండి, ట్యూబు వంగుతుంది. డ్రూప్ (గొట్టం ఇలా కిందికి వాలడం) సరిచేసే వాలు మౌంట్ విడిగా దొరుకుతుంది, అది కొనండి.

జీరో చేయడానికి, అంటే ఒక దూరంలో గురి పెట్టిన చోటే పెల్లెట్ పడేలా స్కోప్ సర్దడానికి, ముందు పెల్లెట్ దారి ఎలా ఉంటుందో తెలియాలి. 0.52 గ్రాముల పెల్లెట్ సెకనుకు 215 మీటర్ల వేగంతో (దాదాపు 12 జౌళ్లు) వెళ్తోందనీ, స్కోప్ మధ్యగీత గొట్టం మధ్యగీతకు 45 మి.మీ. ఎత్తులో ఉందనీ అనుకుందాం. 25 మీటర్లకు జీరో చేస్తే 10 మీటర్లలో దెబ్బ సుమారు 7 మి.మీ. కింద, 15లో 2 మి.మీ. పైన, 20లో 5 మి.మీ. పైన, 30లో 12 మి.మీ. కింద, 35లో 33 మి.మీ. కింద, 40లో 65 మి.మీ. కింద పడుతుంది. మీ రైఫిల్ వేగాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి. కొట్టి చూసి మీ పట్టిక మీరే రాసుకోవాలి. మిల్‌డాట్ అవసరం ఇక్కడే. 30 మీటర్లలో ఒక మిల్ అంటే 30 మి.మీ., కాబట్టి 12 మి.మీ. లోటుకు అర చుక్క కంటే కొంచెం తక్కువ పైకి పట్టుకుంటే చాలు. టర్రెట్ తిప్పక్కర్లేదు.

క్లిక్కుల లెక్క ఇలా. స్కోప్ మీద పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) అని ఉంటే ఒక్క క్లిక్కు 100 మీటర్లలో 7.3 మి.మీ. జరుపుతుంది. 25 మీటర్లలో 1.8 మి.మీ., 10 మీటర్లలో 0.73 మి.మీ. మొదట 10 మీటర్లలో పెద్ద అట్ట పెట్టి ఐదు పెల్లెట్లు కొట్టండి. గ్రూప్ నడిమధ్య 36 మి.మీ. కింద, 15 మి.మీ. కుడికి ఉందనుకోండి. 25 మీటర్ల జీరోకి 10 మీటర్లలో 7 మి.మీ. కింద ఉండటమే కావాలి కాబట్టి పైకి జరపాల్సింది 29 మి.మీ., అంటే 40 క్లిక్కులు. ఎడమకి 20 లేదా 21. టర్రెట్ మీద బాణం పెల్లెట్ ఎటు జరగాలో చెప్తుంది, అడ్డుగీత ఎటు జరుగుతుందో కాదు. తర్వాత 25 మీటర్లకు వెళ్లి మళ్లీ ఐదు కొట్టి మిగిలింది సర్దండి. ఒక్క పెల్లెట్ చూసి క్లిక్కు తిప్పేవాళ్లకు జీరో ఎప్పటికీ కుదరదు. తిప్పాక మొదటి ఒకటి రెండు షాట్లు లెక్కలోకి తీసుకోకండి, లోపలి భాగాలు సర్దుకోవడానికి ఆ కుదుపు కావాలి.

రైఫిల్‌ని ఇసుక సంచి మీద గట్టిగా అదిమి పట్టి జీరో చేయకండి. స్ప్రింగ్ రైఫిల్ ప్రతిసారీ ఒకేలా కదిలే వీలుండాలి. ముందు భాగాన్ని తెరిచిన అరచేతి మీద పెట్టి, ఆ చేతిని సంచి మీద ఆనించండి. భుజానికి కూడా మెత్తగానే ఆనాలి. అరచేయి రెండు అంగుళాలు ముందుకు జరిపినా దెబ్బ మారుతుంది. ఏ చోటు కుదిరితే ఆ చోటే ప్రతిసారీ.

తోటలో కొట్టేటప్పుడు టార్గెట్ వెనక మట్టిగట్టు ఉండాలి. రాయి, ఇనుప రేకు మీద పడిన పెల్లెట్ తిరిగి వస్తుంది, కళ్లద్దాలు తప్పనిసరి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 బోరు, 20 జౌళ్ల లోపు ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. అంతమాత్రాన పిట్టల్ని కొట్టొచ్చని కాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది.

వానాకాలంలో, ముఖ్యంగా కోస్తాలో, స్కోప్‌ని రెక్సిన్ కవర్‌లో మూసి బీరువాలో పెట్టకండి. తేమకు అద్దం మీద సాలెగూడులా ఫంగస్ పడుతుంది, కోటింగ్‌ని తినేస్తుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. నైట్రోజన్ నింపిన స్కోప్ లోపలికి తేమ పోదు, కానీ బయటి అద్దానికి ఆ రక్షణ లేదు. దుమ్ము ముందు ఊది, మెత్తని బ్రష్‌తో దులిపాకే గుడ్డ పెట్టాలి. చొక్కా అంచుతో తుడిస్తే ఇసుక రేణువు గీత గీస్తుంది.

చివరగా, స్నేహితుడి స్కోప్ సంగతి. అది చెడిందని అప్పుడే తీర్మానించకండి. ముందు రైఫిల్ ముందు భాగంలో రెండు పక్కలా ఉన్న స్టాక్ స్క్రూలు, ట్రిగ్గర్ గార్డ్ స్క్రూ బిగించండి. రెండు వందల షాట్లకు అవి వదులవడం మామూలే. గొట్టం మడత దగ్గర పక్కకు ఊగుతోందేమో చూడండి. స్కోప్ తీసేసి, రైఫిల్‌కి వచ్చిన మామూలు సైట్లతో ఒక గ్రూప్ కొట్టండి. అదీ చెదిరితే తప్పు రైఫిల్‌దో, పెల్లెట్‌దో, పట్టుకోవడంలోదో. గ్రూప్ బాగుంటే స్కోప్‌ని స్టాప్ పిన్‌తో మళ్లీ బిగించి 25 మీటర్లలో డబ్బా పరీక్ష చేయండి. ఒక గ్రూప్ కొట్టి, 20 క్లిక్కులు పైకి తిప్పి ఇంకోటి, 20 కుడికి తిప్పి ఇంకోటి, 20 కిందికి తిప్పి ఇంకోటి, 20 ఎడమకి తిప్పి ఆఖరిది. నాలుగు మూలలు 36 మి.మీ. ఎడంలో చతురస్రంగా వచ్చి, ఆఖరి గ్రూప్ మొదటి గ్రూప్ మీదే పడితే ఆ స్కోప్‌కి ఏమీ కాలేదు, అప్పట్లో మౌంటే జారింది. ఆఖరిది వేరే చోట పడితే దాన్ని స్ప్రింగ్ రైఫిల్ మీద ఇక వాడకండి.